మేనమామ ఒడి

జంగయ్యన్నా,

మొయినాబాద్ నుంచి నీ చెల్లెను రాస్తున్న. ఫోన్ చేస్తే నీ పీఏ ఎత్తి, అన్న మీటింగ్‌ల ఉన్నడంటున్నడు. అందుకే ఈ ఉత్తరం.

దసరా ముందల చేవెళ్లల అన్ని పార్టీల సభల నువ్వు మాట్లాడింది మేఘ, నేను ఫోన్‌ల చూసినం. ఫోస్టర్ కేర్‌కు పైసలు పెంచాలెనని ఎదుటి పార్టీవాళ్లు అంటే, నువ్వు మైకు గుంజుకున్నవు. అమ్మానాయిన లేని పిల్లలను ఇంట్ల పెట్టుకొని సర్కారు పైసలు తింటున్నరు, ఆ స్కీమే బంద్ చెయ్యాలె అన్నవు. సభ చప్పట్లు కొట్టింది. మా మామ అనుకుంట మేఘ గూడ కొట్టింది. ఆ స్కీమ్ కిందనే మా ఇంటికొచ్చిన పిల్ల, ఆ ముచ్చట తన గురించే అని దానికి తెల్వది.

స్కీమ్ బంద్ అయింది. నిన్న ఆఫీసోళ్లు మేఘను అనాథల హోమ్‌కు తీస్కపోయిన్రు. మాకు పైసలొద్దు, పిల్లను ఉంచున్రి అని బతిమాలిన. స్కీమే లేనప్పుడు మీ ఇంట్ల ఉంచే రూలు లేదన్నరు.

పోయినేడు చిల్కూరుల దాని చెవులు కుట్టించిన దినం, మేనమామ ఒళ్లె కూసోబెట్టాలెనని నిన్నే పిలిచిన. సూది గుచ్చంగనే నీ అంగీ పట్టుకొని ఏడ్చింది. నా మేనకోడలు అని అందరికి చెప్పుకున్నవు.

నిన్న జీపెక్కేటప్పుడు నా చెవిల అన్నది, "అమ్మా, మామకు ఫోన్ చెయ్యి. మామ వస్తే నన్ను తీస్కపోనియ్యడు."

చేస్తనన్న. బంద్ చెయ్యమన్నది మామనే అని చెప్పనీకి నాకు నోరు రాలే.

ఒక్కసారి హోమ్‌కు పోయి, నువ్వే చెప్పు.

నీ చెల్లె