చిన్నదాన్ని మా ఇంటికి ఇవ్వొద్దు

తమ్ముడికి,

నీ ఆయాసం తగ్గిందా? మరదలి మోకాళ్ళు ఎలా ఉన్నాయి? చిన్నది వేళకు తింటోందా? ఇక్కడ నాకు తప్ప అందరికీ బాగానే ఉంది.

చిన్నదాన్ని మా రెండోవాడికి చేసుకోమని కబురు పంపావు. నీకు కోపం వస్తుందని తెలుసు, అయినా చేసుకోను. నీ పెద్దకూతురు నా కోడలై వచ్చి బంగారంలాంటి పిల్లను కన్నది. ఎనిమిదేళ్ళొచ్చినా ఆ పిల్లకు గుండీలు పెట్టుకోవడం రాదు, రెండు మాటలు కలిపి చెప్పలేదు. మేనరికాల్లో ఇలా పుట్టే భయం ఎక్కువని, మన ఇళ్ళల్లో తరతరాలుగా అవే కదా అని డాక్టరమ్మ అన్నది. అదే కారణమని గట్టిగా చెప్పలేనని కూడా అన్నది. నాకు ఆ అనుమానం చాలు. పిల్ల మాకు బరువని కాదు, అది నా ప్రాణం. కానీ తెలిసి తెలిసి ఇంకో పసిగుడ్డుకు ఆ కష్టం తేలేను.

"దాని కడుపే అంత, చెల్లెలికి అలా కాదులే" అన్నావట. కన్నకూతుర్ని అనే మాటేనా అది? ఇంకోసారి అంటే నీ గడప తొక్కను.

పెళ్ళిమాటలు అక్కడే వదిలేసి మనవరాలిని చూడటానికి రా. నీకు మంచినీళ్ళు అదే తెస్తుంది. ఆలస్యమవుతుంది, సగం ఒలుకుతాయి. మేమెవ్వరం సాయం వెళ్ళం, అది తెచ్చేదాకా నువ్వు కూర్చోవాలి. పదో తారీకు, ఆదివారం, పొద్దున బస్సుకే రా.

మీ అక్క