ఐజమ్ మామయ్య వదులుకున్న వాటా

మే 6, మంగళవారం

పొద్దున లేచి చూస్తే పెరట్లో గులాబీరంగు రిబ్బను కట్టిన కర్ర పాతి ఉంది. హోటల్ కంపెనీ వాళ్ళ సర్వేయట. మన ద్వీపం మీద వీళ్ళ కన్ను పడి చాన్నాళ్ళయింది. నానమ్మ దాన్ని పీకి టమాటా మొక్కకు ఊతం పెట్టింది.

ఇల్లు ఇంకా మింగో ముత్తాత పేరునే ఉంది. నానమ్మ నాన్న ఆయన. పోయి యాభై ఏళ్ళు దాటింది. వీలునామా లేదు కాబట్టి ఆయన వారసులందరిదీ. ఒక్కరు తమ వాటా కంపెనీకి అమ్మినా చాలు, ఆ కంపెనీ కోర్టుకెళ్ళి ఇల్లంతా వేలం వేయించవచ్చు. సవన్నా నగరంలో ఉండే ఐజమ్ మామయ్య, నానమ్మ అన్న కొడుకు, అమ్మేస్తానంటున్నాడట.

మే 7

లాయరమ్మ దారి చెప్పింది. అందరూ నానమ్మ పేర క్విట్‌క్లెయిమ్ డీడ్, అంటే హక్కు వదులుకునే పత్రం, రాసివ్వాలి. బస్సులో దాన్నే చదువుతూ వచ్చాను. 'నాకు ఇందులో ఏదైనా ఉంటే అదంతా వదులుకుంటున్నాను' అని రాసుంది. ఉందని చెప్పదు. లేదనీ చెప్పదు. ఎంత అందమైన వాక్యం! నానమ్మకు వినిపిస్తే, పెళ్ళినాడు మీ తాత కూడా నాకు ఇలాంటి మాటే ఇచ్చాడే అంది.

మే 15

మామయ్య తప్ప అందరూ సంతకం పెట్టారు.

మే 17, శనివారం

నానమ్మా నేనూ సవన్నా వెళ్ళాం. మామయ్యకు కావలసింది డబ్బు కాదు.

ఎవరైనా పోతే ఆ ఇంటి పసిపిల్లల్ని శవపేటిక మీదుగా ఈ చేతుల్లోంచి ఆ చేతుల్లోకి అందిస్తాం. అలా చేస్తేనే పోయినవాళ్ళు పిల్లల్ని వదులుతారు. ముత్తాత పోయినరోజు మామయ్య చంటివాడు, ఒళ్ళు కాలే జ్వరం. బిడ్డ నిద్ర చెడగొట్టొద్దని ఆపింది నానమ్మే. అప్పట్నుంచీ మామయ్య వెనక ముత్తాత బూట్ల చప్పుడు. పెళ్ళిలోనూ వినిపించిందట. ఇల్లు కూలిస్తే తాతకు నిలవడానికి చోటుండదు, నన్నూ వదిలిపోతాడు అత్తా అన్నాడు.

ఓరి మొద్దూ, గూడు పోతే ఎక్కడికెళ్తాడనుకున్నావు, నేరుగా నీ సోఫా మీదికేగా అంది నానమ్మ. మామయ్య నవ్వలేదు. నానమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. తప్పు నాదిరా, మా నాన్నని కూడా నాకే రాసిచ్చెయ్ అంది.

నిజంగానా అత్తా అని చంటిపిల్లాడిలా అడిగాడు.

మే 19

నోటరీ ముందు మామయ్య ఆ వాక్యం నన్ను పైకి చదవమన్నాడు. 'అదంతా' దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నాడు. నాకిష్టమైన మాటే. ఈసారి మాటమాటా విడదీసి చదివాను.

సంతకం పెట్టాడు.

మే 20

మామయ్య ఫోన్ చేసి ఏడ్చాడు. వెనక ఎవరూ లేరట. ఇంత నిశ్శబ్దంలో జనం ఎలా బతుకుతారే అని నన్నడిగాడు.

ఇక్కడ నానమ్మ వంటింట్లో రొయ్యలు వలుస్తూ ఎవరినో కసురుతోంది. బూట్లు విప్పి రమ్మంటోంది. తలుపు తీసి చూశాను. ఒక్కతే ఉంది.

మే 21, సాయంత్రం

కౌంటీ ఆఫీసులో డీడ్ నమోదయ్యేదాకా పని పూర్తికాదు. రేపు పొద్దున మొదటి బస్సుకు వెళ్తున్నాను. పక్క సీటు ఖాళీగా ఉంచమంది నానమ్మ. పేరు మార్చడం ముత్తాత కళ్ళారా చూస్తాడట.