మొగిలి ఘాట్‌లో లారీ ఆపిన రేవతికి

నేను, కీ.శే. మునిరత్నం కుమారుడు ధనంజయను, వయస్సు 52 ఏళ్లు, అటవీశాఖ రేంజి అధికారిని, తిరుపతి నివాసిని. నా వెన్నుపూస పక్కన తూటా ముక్క ఉంది. దాన్ని తీయడానికి వచ్చేవారం వేలూరులో ఆపరేషన్. బతుకుతానని డాక్టర్లు గట్టిగా చెప్పడం లేదు. నా బుద్ధి మాత్రం నిలకడగా ఉంది. ఎవరి బలవంతమూ లేకుండా రాయిస్తున్న నా మొదటి వీలునామా, చివరిది కూడా ఇదే.

1. తిరుపతిలోని నా స్వార్జితమైన ఇల్లు సర్వహక్కులతో నా భార్య, పోలీసు ఇన్‌స్పెక్టర్ రేవతికి చెందాలి. వేరుగా ఉంటున్నాం గనుక ఆమెకు హక్కు లేదని మా వాళ్లెవరూ వాదించకూడదు. మాకు విడాకులు కాలేదు. నా తమ్ముడు హరినాథ్ ఎర్రచందనం లారీ నడుపుతూ దొరికినప్పుడు అతన్ని అరెస్టు చేసింది రేవతే. మరిదిని వదిలెయ్యమని ఇంటిల్లిపాదీ ఆమె మీద పడ్డారు. ఆమె వదల్లేదు. పలమనేరుకు బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మా మధ్య మాటలు లేవు.

2. ఇల్లు ఆమెకే ఎందుకో చెబుతాను. పోయిన ఏడాది శేషాచలం అడవిలో ఎర్రచందనం దుంగల ముఠా నన్ను కాల్చి, లారీలో వేసుకుని బెంగళూరు దారి పట్టింది. మొగిలి ఘాట్ మొదట్లో పోలీసులు అడ్డుకున్నారు. ముందు నిలబడింది రేవతి. ముఠా నాయకుడు నా కణతకు తుపాకి ఆనించాడు. ఆమె తన పిస్తోలు రోడ్డు మీద పెట్టి, గొంతు పెంచకుండా అంది: “ఆయప్ప నా మొగుడు. మాటల్లేకపోతే ఏమి, మొగుడే. ఆయప్పను దించి నన్ను ఎక్కించుకో.”

యూనిఫాంలో ఉన్న ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంటే ఇక దారిలో ఎవరూ ఆపరని వాడు ఆశపడ్డాడు. నన్ను రోడ్డు పక్కకు తోసి ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. లారీ కదిలింది. కింద పడి ఉన్న నాకు, ఆమెను మళ్లీ చూడనేమోనన్న భయం ముందు గాయం నొప్పి తెలియలేదు. రెండో మలుపులో ఆమె లారీ ఇంజను తాళం లాగేసింది. లారీ కొండకు గుద్దుకుని ఆగింది. ముఠా అంతా దొరికింది. ఆమె ఎడమచెయ్యి విరిగింది. అంతటి ధైర్యం నా ఉద్యోగ జీవితంలో మరెవరిలోనూ చూడలేదు.

3. దామలచెరువు మామిడితోటలో నా భాగం హరినాథ్‌కు. వదినకు క్షమాపణ చెబితేనే అని రాయించబోయాను. తోట కోసం చెప్పే క్షమాపణ ఆమెకు అక్కర్లేదు. అందుకే ఆ షరతు కొట్టేయించాను. అయితే నా కోపం పోలేదని తమ్ముడు తెలుసుకోవాలి.

4. అడవిలో నేను వేసుకునే ఉన్నికోటు రేవతికి. పలమనేరు చలికి విరిగిన ఆ చెయ్యి సలుపుతోందట. ఆమె చెప్పలేదు, ఆమె స్టేషన్ కానిస్టేబుల్ పల్లవి చెప్పింది. కోటు ఆమెకు వదులవుతుంది. ఫర్వాలేదు.

5. దీన్ని అమలు జరిపే బాధ్యత నా స్నేహితుడు దేవరాజులుది.

రాయించడం పూర్తయ్యేసరికి, ఆపరేషన్ సంగతి విని రేవతి వచ్చింది. సాక్షి సంతకం తాను పెడతానంది. ఆస్తి పొందేవాళ్లు పెట్టకూడదని లాయరు చెప్పాడు. ఆమె కలం మూసి నావైపు తిరిగింది.

“సరే. వేలూరు ఆస్పత్రిలో ఆపరేషన్ కాయితం మీద పెడతాలే. ఆడ పెండ్లామే పెట్టాల” అంది.

ఈ మాట కూడా వీలునామాలో చేర్చమని నేనే చెప్పాను.

తిరుపతి, 11 ఆగస్టు 2025.

(సంతకం) ధనంజయ

సాక్షులు:
1. రాజారత్నం
2. చంద్రకాంతమ్మ