రాయి లేని నొప్పి

మా ఇంటిదానికి పట్నం ఆసుపత్రి నుంచి రాయునది. నా ప్రాణానికేమీ ఢోకా లేదు, కంగారు పడకు.

నా డొక్కనొప్పికి తీసిన స్కానింగులో రాళ్లేమీ లేవని తేలింది. దాంతో ఇక్కడ నేను పనిచేసే కొలిమి దగ్గర మేస్త్రీ, "రాయే లేనప్పుడు నొప్పెక్కడిది పెద్దాయనా, పని ఎగ్గొట్టే వేషాలు కాకపోతే" అన్నాడు. ఈ వయసులో ఆ మాట పడ్డాను. తిన్నగా వెళ్లి డాక్టరమ్మనే నిలదీశాను, "మరి ఈ నొప్పి నేను అద్దెకు తెచ్చుకున్నానా?" అని. ఆమె నవ్వి ఇంకో పరీక్ష చేయించింది. పైత్యం నిలవుండే తిత్తి సరిగా ముడుచుకోవడం లేదట. నూనె కూర తిన్నప్పుడల్లా కుడి డొక్కలో పొడిచేది అందుకేనట.

"మా కొలిమితిత్తి తోలు బిగుసుకుపోయినట్టా?" అన్నాను.

"అచ్చం అంతే తాతా" అంది.

తిత్తిలో అడ్డమేమీ లేకపోయినా, తోలు కదలకపోతే గాలెలా వస్తుంది? ఇప్పుడు అర్థమైంది. నాది నిజం నొప్పేనని మొదట్నుంచీ నమ్మింది నువ్వొక్కదానివే.

బుధవారం ఆ పైత్యం తిత్తిని కోసి తీసేస్తారు. అది లేకపోయినా బతకొచ్చట. మేక ఈనిందా? వంటింటి కప్పు కారుతున్నా అల్లుణ్ణి ఎక్కనివ్వకు, ఉన్న పెంకులు కూడా పగలగొడతాడు. తోడెవరని నర్సు అడిగితే ఎవరూ అక్కర్లేదన్నాను. అది ఉత్త బింకం. నువ్వు రా. కత్తికి భయం లేదు గానీ, కళ్లు తెరిచేసరికి నీ తిట్లు వినబడాలి.

అమ్మాయికీ అల్లుడికీ దీవెనలు. నీ వాటా నువ్వే వచ్చి తీసుకో.