జాబితాకెక్కని ఇల్లు

అపియా,
జనవరి 16, గురువారం.

అమ్మా లానువోలా,

దేవుడి చల్లని చూపు నీ మీదా, ఆక్లాండులోని నీ వాళ్ళందరి మీదా ఉండాలని కోరుతూ ఫువాతినో పెద్దమ్మ రాయునది. నీ ఉత్తరం అందింది. జవాబు రాయలేదంటే కోపమొచ్చి కాదు, చెయ్యి ఆడలేదు.

ఇక్కడ తట్టు తగ్గుముఖం పట్టింది. మీ నగరం నర్సుల్నీ, హోనొలులు నగరం డాక్టర్లనీ, సువా నగరం టీకాలు దాచే చల్లపెట్టెల్నీ పంపకపోతే మా వల్ల అయ్యేది కాదు. ఆ హోనొలులు డాక్టరు గుర్తున్నాడా? ఇంటికో కప్పు కోకో తాగించారుగా! ‘ఇంకో ఇల్లుంటే నన్నే ఆసుపత్రిలో వెయ్యాలమ్మా’ అన్నాడని మావాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు. అప్పుడు నేను లేచి లోపలికి వెళ్ళిపోతాను.

మా మనవరాలు మాసినా పోయి ఇరవై నాలుగు రోజులు. ఎనిమిది నెలల పిల్ల. క్రిస్మస్‌కు కుట్టిన తెల్లగౌను తొడిగి, వాకిట్లోనే తాత సమాధి పక్కన పడుకోబెట్టాం. తెల్లారితే పెరటి తలుపే తీస్తున్నాను.

టీకా వేయించుకోనివాళ్ళున్న ఇళ్ళవాళ్ళు వాకిట ఎర్రగుడ్డ కట్టాలని ప్రభుత్వం చెప్పింది. మహిళా సంఘం పెద్దగా నేను ముందు నడిచాను, ఆ ఇళ్ళన్నీ నువ్వు టీకాలు వేస్తూ తిరిగావు. చివరికి మా అరుగు మీద కూర్చున్నావు. లోపల పిల్ల ఏడిస్తే, ‘పళ్ళొస్తున్నాయిలే, అందుకే ఆ గోల’ అని నేనే అన్నాను. టీకా వేయించారా అని ఒక్కమాట అడగలేదనీ, తప్పంతా నీదేననీ మీ అధికారులకు రాసిచ్చావట. టోంగాలో నుకుఅలోఫా నగరం నర్సుల్ని పంపమంటే నీ పేరు కొట్టేయమన్నావట. ఉద్యోగమే మానేస్తావట.

అంత పని చేయకు తల్లీ. మా సంఘం నుంచి ఆరుగురు అక్కడికి వెళ్తున్నారు. ‘లానువోలా సూది వేస్తే పసివాళ్ళకి ఏడుపే గుర్తుండదు, తను రాకపోతే మేమెందుకూ, వంటలు చెయ్యడానికా?’ అని నాతో తగువు పెట్టుకున్నారు. వెళ్ళు.

నీ మేలు కోరే
ఫువాతినో

తా.క.: కవరు అంటించబోయి ఆగాను. నువ్వొచ్చిన ఆ ఉదయం మా వాకిట కూడా ఎర్రగుడ్డ ఉంది. టీకా అంటే నాకు భయం. వేయిద్దామని కోడలు అన్నప్పుడల్లా రేపు, రేపు అని ఆపింది నేనే. చివరికి తనే గుడ్డ కట్టింది. ఊరందరికీ చెప్పే మనిషి వాకిట అదేమిటని నవ్వుతారని, మీ వ్యాను మలుపు తిరుగుతుండగా లాగేశాను. చాటుగా నేనే పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్దామనుకున్నాను. రేపు, రేపు అంటూ పది రోజులు గడిపాను. జ్వరం వచ్చింది.

ఆ గుడ్డ ఇందులో పెడుతున్నాను. నేను నడుముకు చుట్టుకునే పాత లావాలావా ముక్కే, కోడలు వేసిన ముడి అలాగే ఉంది. మీ అధికారులకు చూపించు, ఈ ఉత్తరం చదివి వినిపించు. నేను గుడ్డ లాగడం కోడలు కిటికీలోంచి చూసింది.