గెట్టు కింద పొయ్యి

కీర్తిశేషులు మల్లికార్జున్ భార్యను, కోహీర్ మండల రైతును, ప్రస్తుతం జహీరాబాద్‌లో కూతురు రోజా ఇంట్లో ఉంటున్న శరణమ్మను నేను. మోకాళ్లు మాట వినడం లేదు గానీ బుద్ధి నిలకడగానే ఉంది. ఎవరి ఒత్తిడీ లేకుండా ఇష్టపూర్వకంగా ఈ వీలునామా చెప్పి రాయిస్తున్నాను.

1. నా పట్టాలోని మూడెకరాల చెలక భూమి, బోరుతో సహా, నా తదనంతరం రోజాకు సర్వహక్కులతో చెందుతుంది.

2. తూర్పు హద్దు గెట్టు వెంట ఉన్న పది గుంటల నేల మాత్రం ఇందులో కలవదు. కారణం చెప్పాలి. గెట్టుకు అవతల మా మరిది సంగప్ప భూమి. గెట్టు రాళ్లు జరిపారని ఒకరి మీద ఒకరం కేసు వేసుకున్నాం. నా భర్త దినాలకు వచ్చి కూడా సంగప్ప విస్తరి ముందు కూర్చోకుండా వెళ్లిపోయాడు. అది నేను మరచిపోలేకపోయాను.

నిరుడు ఎండాకాలం పైపు కోసం తవ్వుతుంటే గెట్టు కింద నల్లమట్టి, కుండ పెంకులు బయటపడ్డాయి. పురావస్తు తవ్వకాలు చేసే పృథ్వీరాజ్ సారు తన మనుషులతో వచ్చారు. అదొక పొడవాటి పొయ్యి. సగం నా వైపు, సగం సంగప్ప వైపు ఉంది.

"నా దిక్కు గడ్డపార పెడితే ఊకోను" అని సంగప్ప రోజూ వచ్చి కాపలా కూర్చునేవాడు. సారు అతనికి మాడిన ఉలవలు, గిన్నెల ముక్కలు చూపించారు. గిన్నెల మట్టి ఒక్కచోటిది కాదట. రెండు వేల ఏళ్ల కిందట వేర్వేరు ఊళ్లవాళ్లు ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకుని ఇక్కడ కలిసి తిని ఉండొచ్చని చెప్పారు.

సంగప్ప లేచి తన వైపు కంచె తీగ తానే విప్పాడు. మధ్యాహ్నం నేను అందరికీ జొన్నరొట్టెలు పెడుతుంటే వచ్చి కూర్చున్నాడు.

"వదినా, నీ చేతి రొట్టె తినక ఎన్నేండ్లాయె. నాకూ ఒకటియ్యి" అన్నాడు.

రెండు పెట్టాను. పప్పు కూడా వేశాను. తిన్నాడు. తర్వాతి వాయిదాకు ఇద్దరం ఒకే ఆటోలో వెళ్లి కేసు వెనక్కి తీసుకున్నాం.

దొరికిన వస్తువులు ప్రభుత్వానివి, వాటి మీద నాకు హక్కు లేదు. ఆ పది గుంటలు రోజాకు, సంగప్ప కొడుకు రాకేశ్‌కు ఉమ్మడిగా చెందుతాయి. మధ్యలో గెట్టు వేయకూడదు.

3. నా ఇనుప పెనం సంగప్ప భార్య సుగుణమ్మకు. ఆమె పప్పులో ఉప్పు తక్కువ వేస్తుందన్న నా ఫిర్యాదు మాత్రం రద్దు కాదు.

4. బంగారు కమ్మలు మనవరాలు సహస్రకు. పెళ్లిదాకా దాచనక్కరలేదు, కాలేజీకి పెట్టుకుపోవచ్చు.

5. ఇంతకుముందు రాయించిన వీలునామా రద్దు. సంగప్ప నా శవం దగ్గరికి కూడా రాకూడదని అందులో రాయించాను. ఈ వీలునామా అమలుచేసే బాధ్యత ఇప్పుడు అతనికే అప్పగిస్తున్నాను. "నన్నెందుకు వదినా, ఇంకెవల్లు లేరా?" అన్నాడు గానీ కాదనలేదు. పాత కాగితాన్ని అతని ముందే చింపేశాను.

చదివించుకుని విని, సరేనని సంతకం చేశాను.

జహీరాబాద్, 18 నవంబర్ 2024
(సంతకం) శరణమ్మ

సాక్షులు:
మదన్‌మోహన్, పక్కింటి కిరాణా దుకాణదారు
మంజునాథ్, కోహీర్ రైతు