ఊడదీసిన గడియ

మంగళవారం, రాత్రి

గుండెకు స్టెంట్ వేసిన డాక్టరు మా ఆయనకు గట్టిగానే చెప్పాడు, దొడ్డికి కూర్చున్నప్పుడు ముక్కితే గుండె ఆగిపోవచ్చని. నీళ్లు బాగా తాగమన్నాడు. తాగితే, నేసేటప్పుడు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంతలోంచి మాటిమాటికి లేవాలని ఈయన తాగడు. ఈరోజూ సీసా నిండుగానే ఉంది.

లోపల పడిపోతే తలుపు తీయడానికి వీలుండాలని పొద్దున మరుగుదొడ్డి గడియ ఊడదీయించాను. సాయంత్రం తలుపు సందులోంచి చూస్తే, నూలుపోగులు పేని తలుపును లోపలి మేకుకు కట్టుకున్నాడు. మూలుగు వినబడుతోంది.

"జర ముడి వదులుగ ఎయ్యరాదు," అన్నాను బయటి నుంచి.

"దొడ్డికాడ గూడ కావలి ఏందే? అవుతలికి పో."

పోలేదు. నేతగాడి ముడి, లాగినకొద్దీ బిగుస్తుంది.

ఆయన పడుకున్నాక, ఎప్పుడైనా బయటి నుంచి ఆ ముడి కోయాల్సొస్తే వీలవుతుందేమోనని కత్తెర తీసుకెళ్లి తలుపు సందులో పెట్టి చూశాను. దూరలేదు.